ఖాళీ గడి

కొల్లిపర దాటాక, కరకట్ట పక్కన
పది మీటర్ల స్తంభం.
పైన మూడు గిన్నెలు, పక్కన ఒక తోక.
ఎంత వేగమో చెప్పటం గిన్నెల పని,
ఎటునుంచో చెప్పటం తోక పని.
ఏడాదికి రెండుసార్లు
బెజవాడ నుంచి బండి మీద వచ్చి
వాటి మాట సరిచూసుకోవటం నా పని.

ఈసారి వేళ కాని వేళ వచ్చాను.
పదకొండు రోజులుగా స్టేషను
పావుగంటకొకసారి
సున్నా, సున్నా, సున్నా అని పంపుతోంది.
కృష్ణ ఒడ్డున, వైశాఖంలో,
పదకొండు రోజులు ఆకు కదలకుండా ఉంటుందా?
ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు.
సున్నా కూడా అంకే కదా,
గడి నిండింది కదా.

తులశమ్మకి వచ్చింది.
కౌలుకి వేసిన ఎకరంన్నర చక్కెరకేళి
గెలలు గెలలుగానే
తూర్పుకి తలపెట్టి పడుకుంది, ఒక్క రాత్రిలో.
బీమా ఆయన ఫోనులో చూసి చెప్పాడట,
"ఆ రాత్రి మీ ఊళ్లో గాలే లేదమ్మా" అని.
"మరి ఎవరు పడుకోబెట్టారయ్యా, జోలపాడి నేనా?"
నేను నడుముకి బెల్టు బిగించుకుంటుంటే
నన్ను అడుగుతోంది.

సంసోను కింద తాడు పట్టాడు.
స్తంభం నిలబెట్టిన పుష్యమాసంలోనూ వాడే.
ఇనుము పక్కన కంపాసు తడబడుతుందని
మిట్టమధ్యాహ్నం నీడ మీద సున్నం పోసి
"ఉత్తరం ఇదిగో" అని పైకి కేకేశాడు.
ఆ కేకని బట్టే తోకని బిగించాను.

ఏడో మీటరు దగ్గర తోటలు చాపలా పరుచుకుంటాయి.
ఎనిమిది దగ్గర ఏరు, సగం ఇసుక.
పది దగ్గర నా చొక్కా పటపటమంటోంది.
ముక్కుకి జానెడు దూరంలో
గిన్నెలు మాత్రం కదలటం లేదు.

బేరింగు పట్టేసింది.
కార్తీకంలో చేత్తో తిప్పినప్పుడే గరగరమంది.
మబ్బు పట్టింది, పొద్దు వాలింది,
ఇంకో ఆర్నెల్లు లాగుతుందిలే అనుకుని
దిగిపోయాను.
ఆ చప్పుడు నాకు బాగా గుర్తుంది.

ఆగిన గిన్నెలో
కందిరీగ మట్టి ఇల్లు కట్టింది.
నాలుగు గదులు, నున్నటి గోడలు.
మా సున్నాని నమ్మి
పిల్లల్ని పెట్టింది అదొక్కటే.
గూడుని రుమాల్లో మూటగట్టి దించాను,
ఏం చెయ్యాలో తెలియకపోయినా.

కింద పెట్టె తెరిచి ఆ రాత్రి వరసలు తీశాను.
వేగం గడిలో సున్నా.
పక్కన, దిక్కు గడిలో,
రెండింటికి దక్షిణం,
రెండుంబావుకి పడమర,
మూడింటికి వాయవ్యం.
గాలే లేని రాత్రి
తోక ఎవరి కోసం అలా తిరిగింది?
ఎటునుంచో దానికి తెలుసు.
ఎంతో మాత్రం చెప్పలేదు.

"నువ్వే రాయరాదూ, డెబ్బయ్యనో ఎనభయ్యనో."
పడిన చెట్లని చూస్తే నాకూ డెబ్బయ్యనే అనిపించింది.
అనిపించింది రాయటానికైతే
ఇంత ఎత్తు ఎక్కటం దేనికి?

సున్నాలు కొట్టేశాను.
వెయ్యిన్నీ యాభై ఆరు గడులు ఖాళీ.
కారణం దగ్గర రాశాను:
బేరింగు పట్టేసింది. కిందటి తనిఖీలో చప్పుడు విని కూడా మార్చలేదు.
గాలి లేదని కాదు, మాకు తెలియదు.
దిక్కు సెన్సరు పనిచేసింది, చూడగలరు.
కింద నా సంతకం.

"ఇది చూపిస్తే డబ్బులిస్తారా?"
"ఏమో. గాలి లేదని మాత్రం ఇక అనలేరు."

పైన కొత్త గిన్నెలు తిరుగుతున్నాయి.
ఫోనులో రెండు పాయింట్ ఆరు అని చూపించబోయాను.
ఆమె అటు చూడలేదు.
కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుని
"పైరగాలి" అంది.
నేను తలెత్తి తోకని చూశాను.
దక్షిణమే.